ఆన్‌లైన్ విలేకరుల డిజిటల్ వర్క్‌షాప్‌కు ముందు జాగ్రత్తలు

వర్క్‌షాప్ ఎక్కువగా తడబడేది మొదటి అరగంటలో, అదీ వైఫై దగ్గర. 25 మంది ఒకేసారి 200 ఎంబీ సాఫ్ట్‌వేర్ దించుకోబోతే మొత్తం 5 జీబీ, ఎవరిదీ పూర్తికాదు. ఫైళ్లను రెండు పెన్‌డ్రైవ్‌లలో సిద్ధంగా ఉంచండి. ఆఫీసు ల్యాప్‌టాప్ తెచ్చేవారిని అడ్మిన్ పాస్‌వర్డ్ ఉందో లేదో ముందే అడగండి. అది లేకపోతే పెన్‌డ్రైవ్ ఉన్నా ఇన్‌స్టాల్ కాదు.

కొత్త ఖాతాలు హాల్లో తెరిపించొద్దు. ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్ కనెక్షన్‌కు ఉండే గుర్తింపు సంఖ్య) నుంచి వరుసగా నమోదులు వస్తే సైట్లు అనుమానించి ఆపేయవచ్చు. ఇంటి దగ్గరే తెరిచి రమ్మనండి.

రెండంచెల వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ తర్వాత ఫోన్ ద్వారా మరోసారి నిర్ధారించే పద్ధతి) పెట్టించే రోజు ప్రతి ఒక్కరి దగ్గరా కాగితం, పెన్ను ఉండాలి. ఫోన్ దగ్గర లేనప్పుడు లాగిన్ కావడానికి గూగుల్ ఇచ్చే 10 బ్యాకప్ కోడ్‌లను రాసుకున్నాకే ముందుకు వెళ్లండి; ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. వాటిని స్క్రీన్‌షాట్ తీసి అదే ఫోన్‌లో దాచుకుంటే, ఫోన్ పోయిన రోజున కోడ్‌లూ పోయినట్టే.

మెటాడేటా (ఫొటో ఫైల్‌లో దాగి ఉండే వివరాలు) పాఠానికి నమూనా ఫొటోలను వాట్సాప్‌లో మామూలు ఫొటోలుగా పంపారా, తీసిన తేదీ, లొకేషన్ చెరిగిపోతాయి. డాక్యుమెంట్‌గా పంపాలి. రివర్స్ ఇమేజ్ సెర్చ్ (ఫొటోతోనే వెతికి అది ఇంకెక్కడ వచ్చిందో చూడటం) ఉదాహరణలను ఆ ఉదయమే మళ్లీ వెతికి చూడండి, ఫలితాలు మారిపోతుంటాయి. పాత స్క్రీన్‌షాట్లు చేతిలో ఉంటే గండం గడుస్తుంది.

ప్రొజెక్టర్‌కు తగిలించే ల్యాప్‌టాప్‌లో సొంత మెయిల్ తెరిచి ఉండకూడదు. వేరే బ్రౌజర్ ప్రొఫైల్ వాడండి, నోటిఫికేషన్లు ఆపండి. తెర మీద ఒక్క క్షణం మెరిసిన సోర్సు (సమాచారం ఇచ్చిన వ్యక్తి) పేరును వెనక్కి తీసుకోలేం.

ఎక్స్‌టెన్షన్ బోర్డులు మరవొద్దు.