మిల్‌ఫర్డ్ ట్రెక్‌కి ముందు బూట్లు కడగండి

న్యూజిలాండ్ దక్షిణ దీవిలో మిల్‌ఫర్డ్ ట్రాక్ అనే అడవి నడకదారికి గైడెడ్ ట్రిప్ బుక్ చేసుకున్నవాళ్లు ప్రాక్టీసుకి అనంతగిరి కొండలెక్కుతారు. మంచిదే. కానీ ఆ ఎర్రమట్టి బూట్లతోనే శంషాబాద్‌లో విమానమెక్కకండి. బయటి మట్టి, విత్తనాలు తమ అడవుల్లోకి రాకూడదని అక్కడ ఎయిర్‌పోర్టులో బూట్ల అడుగులు తిప్పి మరీ చూస్తారు. నేను ముందురోజు రాత్రి బాత్రూంలో కూర్చుని, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో గాడీ తోమాను. పిన్నీసుతో పల్లేరుకాయ ముల్లు ఒకటి బయటికి తీశాను! బాగా ఆరాకే సర్దండి, తడి బూట్లు వాసనొస్తాయి.

ఆవకాయ, పొడులు, ఏ తిండి ఉన్నా, ఆ దేశంలోకి వెళ్లేవాళ్లు నింపే ఫారంలో 'ఉంది' అని రాసేయండి. రాస్తే మహా అయితే తీసేసుకుంటారు, దాస్తే 400 న్యూజిలాండ్ డాలర్ల ఫైన్. తేనె మాత్రం ఇంట్లోనే వదిలేయండి.

ఇక వాన. మన హైదరాబాద్‌లో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్లు పడితే, ట్రాక్ చివరుండే మిల్‌ఫర్డ్ సౌండ్‌లో 6,000 దాటుతుంది. బ్యాగు మీద వేసే రెయిన్ కవర్ దానికేం ఆగుతుంది! బ్యాగు లోపలే మందపాటి పెద్ద ప్లాస్టిక్ కవరు పరిచి, బట్టలన్నీ అందులో పెట్టి మూతి మెలితిప్పండి. గైడ్లు తిండి, పడక చూసుకుంటారు గానీ మీ బట్టల మూట మోయాల్సింది మీరే.

శాండ్‌ఫ్లైలనే చిన్న ఈగలు పగలు తెగ కుడతాయి. లేతరంగు ఫుల్‌హ్యాండ్స్ చొక్కాలు పెట్టుకోండి, నల్లవి వద్దు.