ద్రాక్షతోటల్లో సైకిలు: ఖాళీ దారిలోనే ఎక్కువ జాగ్రత్త

ఫ్రాన్సులో బర్గండీ ద్రాక్షతోటల మధ్య సైకిలు తొక్కడానికి వెళ్తున్నామంటే ఇంట్లో మొదట అడిగే ప్రశ్న "లారీలు వస్తాయా?" అని. రావు. బోన్ పట్టణం నుంచి పొమ్మార్, వోల్నే, మ్యూర్సో ఊళ్ల మీదుగా సాంతనే దాకా తోటల్లోంచే సాగే 'వ్వా దే వీన్' అనే దారి సుమారు 22 కిలోమీటర్లు ఉంటుంది. గంటసేపు తొక్కినా ఎదురయ్యేది ఇద్దరు ముగ్గురు సైకిలువాళ్లు, ఎప్పుడైనా ఒక ట్రాక్టరు. కార్లు, లారీలు పక్కనున్న పెద్ద రోడ్డు మీద పోతాయి. రెండుసార్లు వెళ్లి వచ్చాను. దారిలో నేను పడిన ఇబ్బందుల్లో ఒక్కటి కూడా రద్దీ వల్ల రాలేదు. చాలావరకు ఆ దారి ఖాళీగా ఉండటం వల్ల వచ్చినవే. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బయల్దేరేవారి కోసం అవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మొదటిది, అన్నిటికంటే పెద్దది: మీరు ఎడమవైపు వెళ్లిపోతారు. ఫ్రాన్సులో కుడివైపు నడపాలని అందరికీ తెలుసు. పారిస్‌లో అయితే ఎదురుగా వచ్చే బండ్లే ఆ సంగతిని క్షణక్షణం గుర్తుచేస్తుంటాయి. తోటల మధ్య గుర్తుచేసేవాళ్లు ఎవరూ ఉండరు. మ్యూర్సో దగ్గర రాతిగోడ నీడన ఆగి, నీళ్లు తాగి, ఫోటో తీసుకుని మళ్లీ సైకిలెక్కాను. ఎప్పుడు ఎడమకు జరిగానో నాకే తెలియదు. గోడ మలుపులో ఒక రైతు వ్యాను ఎదురైంది. ఆయన బ్రేకు వేశాడు, నేను తోటలోకి దూకాను. మోకాలు చెక్కుకుపోయింది, అంతే. ఆ రోజు నుంచి హ్యాండిల్‌కు కుడివైపు ఒక ఎర్రదారం కట్టుకుంటున్నాను. ఆగి బయల్దేరిన ప్రతిసారీ ఆ దారం వైపు వెళ్లడమే. చూసినవాళ్లు మొక్కు అనుకుంటే అనుకోనివ్వండి.

దీనికి తోడు బ్రేకుల గొడవ ఒకటి ఉంది. మన స్కూటర్ల మీద కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది. ఫ్రాన్సులో అద్దెకిచ్చే సైకిళ్లకు మామూలుగా ఎడమచేతిది ముందు చక్రానికి, కుడిచేతిది వెనక చక్రానికి ఉంటుంది. వాలులో కంగారుపడి ఎడమచేయి గట్టిగా బిగిస్తే ముందు చక్రం ఆగిపోతుంది, మనం ఆగము. సైకిలు తీసుకున్న చోటే, జనం లేని సందులో పది నిమిషాలు వేసి ఆపి, వేసి ఆపి చేతులకు అలవాటు చేయండి. సిగ్గుపడాల్సిన పనేమీ లేదు.

ఊళ్లోకి ప్రవేశించగానే ఇంకో నియమం పనిచేస్తుంది. వేరే బోర్డు లేనిచోట, కుడివైపు సందులోంచి వచ్చే బండికే ముందు దారి ఇవ్వాలి, ఆ సందు ఎంత చిన్నదైనా సరే. మీరు పెద్ద వీధిలో ఉన్నారన్న ధీమా అక్కడ చెల్లదు. ఆ ఊళ్ల సందులు రెండు రాతిగోడల మధ్య ఉంటాయి కాబట్టి వచ్చేది ముందుగా కనపడదు. కుడిపక్కన సందు కనపడితే వేగం తగ్గించడమే మందు.

ఇక కోతల కాలం. ద్రాక్షకోత మామూలుగా ఆగస్టు చివర్లో గానీ సెప్టెంబరులో గానీ మొదలవుతుంది. తేదీ ఏటా మారుతుంది. ఎండలు మండిపోయిన 2003లో ఆగస్టు చివరి దాకా కూడా ఆగకుండా మొదలుపెట్టారు. ఆ రెండు మూడు వారాలూ 'ఖాళీ దారి' అన్న మాట పూర్తిగా నిజం కాదు. కూలీలను దించే వ్యాన్లు, గెలల బుట్టలు మోసే ట్రాలీలు తెల్లవారుజాము నుంచే తిరుగుతాయి. వరుసల పైనుంచి, మొక్కను కాళ్ల మధ్య పెట్టుకుని నడిచే పొడుగుకాళ్ల ట్రాక్టర్లు అక్కడ చాలా ఉంటాయి. డ్రైవరు ఎత్తున కూర్చుంటాడు, అతనికి మీరు కనపడతారని నమ్మకం పెట్టుకోవద్దు. వరుస చివర అది తిరగడానికి దారి మొత్తం కావాలి. కాబట్టి ఇంజను చప్పుడు వినపడితే ఆగి, అది ఎటు తిరుగుతుందో తేలాకే కదలండి. అది వాళ్ల పొలందారి, మనం అతిథులం. కోత రోజుల్లో కిందపడి నలిగిన పళ్లు, చక్రాలకు అంటుకుని వచ్చిన బురద కలిసి సిమెంటు దారిని సబ్బులా చేస్తాయి. వాన పడితే చెప్పక్కర్లేదు. సన్నటి రేసు టైర్లు వద్దు, 35 మిల్లీమీటర్లకు తగ్గని వెడల్పు టైర్లు అడగండి.

గెల తెంపవద్దు. ఒక్కటే కదా అనిపిస్తుంది, అది దొంగతనం కింద లెక్క. పైగా దాని మీద మందు ఉంటుంది. ఆకుల మీద నీలిఛాయ కనిపిస్తే మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం అనుకోవచ్చు. మన బత్తాయి, నిమ్మతోటల రైతులు చల్లేది అదే. పేరు వచ్చింది మాత్రం ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్షతోటల నుంచి, 1880లలో. వేసవి మొదట్లో వెళ్తే మందు చల్లే ట్రాక్టర్లు ఎదురవుతాయి. గాలి ఎటు వీస్తోందో చూసుకుని, మందు మీ మీదికి కొట్టుకురాని వైపు నిలబడండి, లేదా వెనక్కి మళ్లండి.

ఎండ గురించి మన వాళ్లకు చెప్పడం కష్టం. "విజయవాడ మే నెల చూసినవాళ్లం, 36 డిగ్రీలు ఒక లెక్కా?" అంటారు. విజయవాడలో మే నెల మధ్యాహ్నం సైకిలు తొక్కామా? ఈ తోటల్లో చెట్టన్నది ఉండదు. సున్నపురాతి నేల కాంతిని ముఖం మీదికి కొడుతుంది. అసలు మోసం గడియారంలో ఉంది. వేసవిలో అక్కడి గడియారాన్ని ముందుకు జరుపుతారు కాబట్టి, బోన్‌లో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి ఒంటిగంటా నలభై దాటుతుంది. సాయంత్రం నాలుగు, అయిదు గంటలప్పుడు ఎండ మండిపోతూ ఉంటుంది. మన లెక్కన చల్లబడే వేళ అని నాలుగింటికి బయల్దేరితే సరిగ్గా నిప్పుల్లోకి దిగినట్టే. నేను ఆ పని చేశాను. వోల్నే ఎక్కుడులో కళ్లు తిరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఉదయం ఏడింటికి బయల్దేరి పన్నెండుకు ముగించండి. 2003 వేసవిలో వడగాడ్పులకు ఫ్రాన్సులో సుమారు 15,000 మంది చనిపోయారు. అప్పటి నుంచి వడగాడ్పుల హెచ్చరికలను గట్టిగా పాటిస్తున్నారు. వాతావరణశాఖ ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. నారింజ కనపడితే ఆ రోజు సైకిలుకు సెలవు.

మనిషికి రెండు లీటర్ల నీళ్లు ఉండాలి, రెండు పొట్లాలు ఓఆర్‌ఎస్ కూడా. ఊరి నడుమ అందమైన రాతితొట్టిలో నీళ్లు పారుతుంటాయి, పక్కన 'నాన్ పొతాబ్ల్' అని రాసి ఉంటే అవి తాగేవి కావు. నీళ్ల కోసం అక్కడి సైకిలువాళ్లు శ్మశానానికి వెళ్తారు. సమాధుల పూలకు పోయడానికి గేటు దగ్గర కుళాయి ఉంటుంది. మొదటిసారి నాకు మనసు ఒప్పలేదు, దాహం ఒప్పించింది. అక్కడా 'తాగరాదు' అన్న బోర్డు ఉందేమో చూసుకోవాలి.

తిండి దొరికే వేళలు కూడా తెలిసి ఉండాలి. పల్లెల్లో పన్నెండు నుంచి రెండు దాకా దుకాణాలు మూసేస్తారు. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలాచోట్ల తెరవరు. ఆగస్టు 15 వాళ్లకూ సెలవే, కారణం వేరు. శాకాహారులకు పల్లె హోటళ్లలో జున్ను, రొట్టె తప్ప పెద్దగా దిక్కుండదు. ఇంటి నుంచి పల్లీపట్టీలు తెచ్చుకోండి. నెయ్యి, పాలకోవా మాత్రం పెట్టెలో పెట్టుకోవద్దు, బయటి దేశాల పాల పదార్థాలను యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు.

వైను రుచి చూడటానికే చాలామంది వెళ్తారు. చట్టం సైకిలు తొక్కేవారికీ వర్తిస్తుంది. లీటరు రక్తంలో 0.5 గ్రాముల మద్యం దాటకూడదు. రుచి చూసి ఉమ్మేయడానికి నేలమాళిగల్లో ప్రత్యేకంగా ఒక పాత్ర ఉంచుతారు. అందులో ఉమ్మితే ఎవరూ తప్పు పట్టరు, తాగినవాడి కంటే ఉమ్మినవాడికే వైను తెలుసని అనుకుంటారు. నా సలహా మాత్రం ఒకటే, సైకిలు తిరిగి ఇచ్చేశాకే గ్లాసు ముట్టండి. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే 135 యూరోల జరిమానా. ఊరి బయట చీకటిలో మెరిసే జాకెట్ తప్పనిసరి. 12 ఏళ్లలోపు పిల్లలకు హెల్మెట్ తప్పనిసరి. పెద్దలకు చట్టం లేకపోయినా పెట్టుకోండి.

సెప్టెంబరులో వేట కూడా మొదలవుతుంది, శీతకాలం చివరిదాకా సాగుతుంది. ఆదివారాలు అడవి అంచున, కోత అయిన తోటల్లో తుపాకుల మోత వినపడుతుంది. 'షాస్' అని మొదలయ్యే బోర్డు దారికి అడ్డంగా కనపడితే వెనుదిరగండి. నారింజరంగు చొక్కా ఈ నెలల్లో ఫ్యాషను కోసం కాదు.

దక్షిణంగా జివ్రీ నుంచి క్లూనీ దాకా పాత రైలుమార్గం మీద వేసిన పచ్చదారి, అంటే మోటారు బండ్లు రాని బాట, ఉంది. పిల్లలతో వెళ్లేవారికి అదే మేలు. రోడ్డు దాటే చోట్ల అడ్డుగేట్లు ఉంటాయి, అక్కడ పిల్లలను ముందు పోనివ్వవద్దు. క్లూనీ దాటాక మాకోన్ వైపు సుమారు 1,600 మీటర్ల పాత రైలు సొరంగం వస్తుంది. బయట ఎండ మండుతున్నా లోపల చలి వణికిస్తుంది, చెమట చొక్కాతో దూరవద్దు. లోపల గబ్బిలాలు ఉంటాయి కాబట్టి చలికాలంలో మూసేస్తారు. అప్పుడు కొండెక్కి దిగాల్సిందే.

పడితే 112కు ఫోను చేయాలి. "ఎక్కడున్నారు?" అని వాళ్లు అడిగితే "ద్రాక్షతోటలో" అన్న జవాబు అక్కడ పనికిరాదు, అంతా ద్రాక్షతోటే. ఊరి పేరు బోర్డు దాటిన ప్రతిసారీ దాన్ని ఫోటో తీయండి. మీకు పలకడం రాకపోయినా అక్షరాలు చదివి చెప్పవచ్చు. వీసా కోసం తీసుకున్న బీమా కాగితంలో సైకిలు యాత్రను మినహాయించారేమో బయల్దేరే ముందే చూసుకోండి. చిన్న అక్షరాల్లో ఉంటుంది.

తిరుగు ప్రయాణంలో ప్రాంతీయ రైళ్లలో సైకిళ్ల చోటు కొద్దిగానే ఉంటుంది. ఆదివారం సాయంత్రం అందరూ ఒకే రైలుకు వస్తారు. మేం నలుగురం బోన్ స్టేషనులో ఒక రైలును వదులుకుని తరువాతి దానికి రెండు గంటలు కూర్చున్నాం. అప్పటికి దగ్గరలోని బేకరీ కూడా మూసేశారు.