వెల్డింగ్ చూశాక రాత్రికి కళ్ళు మంటలు: చుక్కల మందుతో ఎంత వరకు పని జరుగుతుంది?

సమస్య: సాయంత్రం దాకా బాగానే ఉంది. అర్ధరాత్రి రెండు కళ్ళలోనూ ఇసుక పోసినట్టు గరగర, ధారగా నీళ్ళు, లైటు వేస్తే కళ్ళు తెరవలేకపోవడం.

ఇది వెల్డింగ్ ఆర్క్ (రాడ్ దగ్గర వచ్చే కరెంటు మెరుపు) నుంచి వచ్చిన అతినీలలోహిత (యూవీ) కిరణాల దెబ్బ. నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే కార్నియా పైపొర కణాలు దెబ్బతింటాయి కానీ వెంటనే ఊడవు. 6 నుంచి 12 గంటల్లో అవి రాలి, కింద ఉన్న నరాల కొసలు బయటపడతాయి. నొప్పి అప్పుడు మొదలవుతుంది.

కాంటాక్ట్ లెన్సులుంటే తీసేయండి. కళ్ళు నలపకండి. చీకటి గదిలో పడుకుని, మూసిన రెప్పల మీద చల్లటి తడిగుడ్డ వేసుకోండి. ప్రిజర్వేటివ్ లేని ల్యూబ్రికెంట్ చుక్కలు, నొప్పికి పారాసిటమాల్ చాలు. మామూలుగా 1 నుంచి 3 రోజుల్లో పైపొర మళ్ళీ అల్లుకుంటుంది. చనుబాలు, ఉల్లిరసం, ఆముదం మాత్రం కంట్లో పోయకండి. పచ్చిగా ఉన్న కార్నియాకు ఇన్ఫెక్షన్ అంటుకోవచ్చు. రెండు రోజులకూ తగ్గకపోయినా, చూపు మసకేసినా, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపించినా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సిందే.

సమస్య: ఒక్క కన్నే నొప్పి.

ఫ్లాష్ దెబ్బ దాదాపు ఎప్పుడూ రెండు కళ్ళకూ తగులుతుంది. ఒక్కటే అయితే గ్రైండింగ్‌లో ఎగిరిన ఇనుప రజను దిగిందేమో అనుకోండి. సూదితోనో గుడ్డ కొసతోనో తీయించుకోకుండా డాక్టర్‌కి చూపించండి.

సమస్య: చుక్క వేయగానే హాయిగా ఉంది, కాసేపటికే మళ్ళీ మంట.

మెడికల్ షాపులో మత్తుచుక్కలు (ప్రొపారకైన్ లాంటివి) ఇచ్చి ఉంటారు. డాక్టర్ పరీక్ష కోసం ఒకసారి వేయడం వేరు, ఇంట్లో మాటిమాటికీ వేసుకోవడం వేరు. అలా వాడితే పుండు మానదు, కార్నియా కరిగి చూపే పోవచ్చు. సీసా పక్కన పెట్టేయండి. స్టెరాయిడ్ చుక్కలూ సొంతంగా వాడకూడదు.

సమస్య: యాంటీఆక్సిడెంట్ చుక్కలు వాడుతున్నా మళ్ళీ వస్తోంది.

ఆ చుక్కల వెనక ఆలోచన మంచిదే. యూవీ తగిలితే కణాల్లో వాటినే దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటిని అణచడానికి కార్నియాలో విటమిన్ సి బాగా ఉంటుంది, కాటలేజ్ లాంటి ఎంజైములూ ఉంటాయి; యూవీ దెబ్బ ఎక్కువైతే ఆ ఎంజైములు తగ్గిపోతాయి. ప్రాగ్ పరిశోధకులు యూవీ-బి (యూవీలో ఒక రకం) తగిలిన కుందేళ్ళ కార్నియాలకు ట్రెహలోజ్ అనే చక్కెర చుక్కలు వేస్తే త్వరగా మానాయి. కానీ అది కుందేళ్ళలో. పైగా కిరణాలు కణంలోని డీఎన్ఏను నేరుగా కూడా కొడతాయి, దాన్ని యాంటీఆక్సిడెంట్ చుక్కలు అడ్డుకోలేవు. కాబట్టి అవి కంటిని తడిగా ఉంచడానికి పనికొస్తాయి, హెల్మెట్‌కి బదులు కావు.

అసలు లోపం షీల్డ్ దగ్గరే చూడండి. గ్యాస్ కటింగ్ కళ్ళజోడు షేడ్ (అద్దం ఎంత నల్లగా ఉందో చెప్పే నంబరు) 5 దరిదాపుల్లో ఉంటుంది, ఆర్క్‌కి మామూలుగా 10 నుంచి 13 కావాలి. “ఒక్క టాకే (చిన్న వెల్డింగ్ చుక్క) కదా” అని కన్ను పక్కకి తిప్పి కొట్టే టాకులన్నీ ఒక రోజులో కలిసి లెక్కకొస్తాయి. ముక్క పట్టుకునే హెల్పర్‌కి చాలా షాపుల్లో ఏమీ ఉండదు. అతనికి కనీసం పక్కలు మూసుకునే పాలికార్బొనేట్ అద్దాలు ఇవ్వండి. తెల్లగా కనిపించినా యూవీని దాదాపు పూర్తిగా ఆపుతాయి. ఆ వెలుగు వైపు నేరుగా చూడనివ్వకండి, ఎందుకంటే వెలుగును అవి తగ్గించవు.