ఆర్‌సీ కార్ల ల్యాప్ టైమర్: ఆగిపోయే సెన్సర్‌ను సరిచేసిన తీరు

మహబూబ్‌నగర్ దగ్గర ధాన్యం ఆరబోసే సిమెంటు కల్లం మీద రిమోట్ కార్లు నడిపే మేము, చుట్టు ముగిసే గీతకు ఒకవైపు కంటికి కనిపించని కిరణం పంపే ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీని, ఎదురుగా ఆర్డుయినోకు (ప్రోగ్రాము రాసుకోగల చిన్న సర్క్యూట్ బోర్డు) కలిపిన, ఆ కిరణాన్ని పట్టే టీఎస్‌ఓపీ 1738 రిసీవర్‌ను పెట్టి ల్యాప్ (ఒక్కో చుట్టు) సమయం కొలుస్తున్నాం. స్విచ్ వేయగానే కిరణం అందేది కానీ, కాసేపటికే అడ్డేమీ లేకున్నా ఆగిపోయి, ఆపై కారు దాటినా లెక్క పడేది కాదు. ఎల్‌ఈడీ మార్చినా, కరెంటు పెంచినా, కొత్త రిసీవర్ వేసినా ఫలితం లేదు.

ఈ రిసీవర్ టీవీ రిమోట్ల కోసం తయారైనది కనుక, మా ఎల్‌ఈడీ నుంచి ఎడతెగకుండా వచ్చే 38 కిలోహెర్ట్జ్ (సెకనుకు 38 వేలసార్లు వెలిగి ఆరే) సంకేతాన్ని ట్యూబులైటు వంటి అనవసరపు వెలుగుగా ఎంచి, తన గ్రహణశక్తిని తానే తగ్గించుకుంటుంది. అందుచేత మొదట, ఆ సంకేతాన్ని 600 మైక్రోసెకన్లు పంపి, 1400 మైక్రోసెకన్లు ఆపి, మళ్లీ పంపేలా ప్రోగ్రాము మార్చాను. అసలు రోగం దీనితోనే కుదిరింది. తర్వాత, 8 మిల్లీసెకన్ల పాటు ఒక్క పల్స్ (అలా విడతగా పంపిన సంకేతం) కూడా రాకపోతేనే కారు వచ్చినట్టు లెక్కించేలా రాశాను. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో పోయే 40 సెంటీమీటర్ల కారు కిరణాన్ని సుమారు 40 మిల్లీసెకన్లు మూస్తుంది కాబట్టి ఈ హద్దు ధారాళంగా సరిపోతుంది. చక్రాల సందుల వల్ల ఒకే కారు రెండుసార్లు పడకుండా, లెక్క పడ్డాక 3 సెకన్లు దేన్నీ పట్టించుకోవద్దన్నాను. చివరగా రిసీవర్‌ను నల్లటి పైపు ముక్కలో వేలెడు లోతున బిగించి, మేము ఆడేది సాయంత్రాలు గనుక, ముఖాన్ని తూర్పుకు తిప్పాను.

మా ఎండకు ఇది నిలిచింది. నడి మధ్యాహ్నం ఆడేవారికి ఎలా ఉంటుందో చెప్పలేను. రిసీవర్ రకం మారితే పై అంకెలూ మారవచ్చు, దాని డేటాషీట్ (తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) చూసుకోవాలి. పైగా ఇది ఏ కారు దాటిందో చెప్పదు. పందెంలో అందరినీ విడివిడిగా గుర్తించాలంటే ప్రతి కారులోనూ వేరే కోడ్ పంపే ట్రాన్స్‌మిటర్ తప్పదు.