వానాకాలంలో ఇసుక హోస్ పూడుకుపోతుంటే: నా అనుభవం

చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా. విజయనగరం దగ్గర మేం రైలు ఇంజన్ల శాండ్ బాక్సులు (పట్టాల మీద చల్లే ఇసుక ఉండే పెట్టెలు) నింపేది గాలి ఒత్తిడితో పనిచేసే ట్యాంకుతో. వానలు పడ్డాయంటే రెండో బాక్సు నిండేలోపే హోస్ పూడుకుపోయేది. కొత్తవలస నుంచి అరకు ఘాట్ ఎక్కే బండికి తడి పట్టాల మీద పట్టు ఇచ్చేది ఈ ఇసుకే, ఊరుకోలేం కదా.

హోస్ మార్చాం, ప్రెషర్ పెంచాం, ఇసుకను మళ్లీ ఆరబెట్టి జల్లించాం, లాభం లేదు.

తడి ఇసుకలో కాదు, గాలిలో ఉంది.

ముందు కంప్రెసర్ ఆపి, ట్యాంకులో గాలంతా వదిలేశాం. గేజి సున్నాకి రాకుండా మూత ముట్టుకోకండి, దయచేసి. తర్వాత ఎయిర్ రిసీవర్ (కంప్రెసర్ గాలి నిల్వ ఉండే సిలిండర్) అడుగున డ్రెయిన్ కాక్ (నీళ్లు వదిలే కుళాయి) తిప్పితే బకెట్ దాకా నీళ్లు! నీటిని వేరుచేసే ఫిల్టర్ గిన్నె కూడా నిండిపోయి ఉంది. అసలు సంగతి ఆ తర్వాత కనిపించింది. మా ట్యాంకుకు వచ్చే గొట్టాన్ని మెయిన్ పైపు అడుగు నుంచి తీశారు, పైపులో చేరిన నీరంతా అందులోకే. కనెక్షన్ పైపు పైభాగానికి మార్చి, వంపు తిప్పి కిందికి దించాం. ఉత్తి గాలి వదిలి హోస్ చివర పొడిగుడ్డ పట్టాం. గుడ్డ తడవడం ఆగాకే ఇసుక పోశాం.

ఆ సీజన్లో మళ్లీ పూడలేదు. రోజూ డ్రెయిన్ చేయడం వల్లా, గొట్టం మార్చడం వల్లా అన్నది విడదీసి చెప్పలేను. మీ ఇసుకే పచ్చిగా ఉంటే మాత్రం ఇది సరిపోదు.