క్యాన్సర్ శాస్త్రవేత్త సైటేషన్లను చదవడం ఎలా?

క్యాన్సర్ జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలనుకునే విద్యార్థులు చాలామంది పరిశోధన పత్రాలను వెతికే గూగుల్ స్కాలర్ తెరిచి, ప్రొఫెసర్ పేరు పక్కన కనిపించే సైటేషన్ల అంకెలను, అంటే వారి పత్రాలను ఇతర పత్రాలు ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్కను బట్టి గైడ్‌ను ఎంచుకుంటారు. ఆ అంకెలు అబద్ధం చెప్పవు. అయితే ఒక పత్రాన్ని ఎవరు, ఏ అవసరానికి ఉదహరించారో చూడకుండా, వాటినే నమ్ముకుని ఐదారేళ్ల కాలాన్ని ఒక ల్యాబ్‌కు అప్పగించడం మంచిది కాదు.

మొదట పేరు సరిచూసుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో ప్రచురించిన పత్రాల్లో ‘సుబ్బారావు’ ఇంటిపేరుగా మారిపోయి, అసలు ఇంటిపేరు ‘వై’ అనే ఒక్క పొడి అక్షరంగా మిగిలింది. నేటికీ తెలుగువారి పేర్లకు ఇదే ఇబ్బంది ఎదురవుతుంది కాబట్టి పేరును రెండు మూడు రూపాల్లో వెతకాలి. ఆ శాస్త్రవేత్తకు పరిశోధకులకు విడివిడిగా ఇచ్చే 16 అంకెల ఆర్కిడ్ గుర్తింపు ఉంటే దానితోనే చూడటం మేలు.

తర్వాత హెచ్-ఇండెక్స్. ఒకరి పత్రాల్లో ‘హెచ్’ పత్రాలకు ఒక్కోదానికి కనీసం ‘హెచ్’ సైటేషన్లు ఉంటే, అలా కుదిరే అతిపెద్ద సంఖ్యే ఇది. జార్జ్ హిర్ష్ 2005లో ప్రతిపాదించిన ఈ కొలతను ఒకసారి చేత్తో లెక్క కడితే దాని పరిమితి తెలిసిపోతుంది. ఒకరి ఏడు పత్రాలకు వరుసగా 120, 45, 18, 6, 5, 5, 2 సైటేషన్లు ఉన్నాయనుకుందాం. ఐదో పత్రానికి ఐదు ఉన్నాయి, ఆరోదానికి ఆరు లేవు; కనుక హెచ్-ఇండెక్స్ 5. మొదటి పత్రానికి 120 బదులు 12,000 వచ్చినా అది 5గానే ఉంటుంది. పైగా వయసుతో పాటు పెరుగుతుందే తప్ప తగ్గదు కాబట్టి, కొత్తగా ల్యాబ్ పెట్టినవారిని ముప్పై ఏళ్ల అనుభవజ్ఞులతో ఈ అంకె మీద పోల్చడం అన్యాయం.

ఇక అసలు పని, పత్రం ఏ రకానికి చెందిందో చూడటం. సుబ్బారావు, సైరస్ ఫిస్క్ 1925లో ప్రచురించిన పత్రం ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని వివరించింది. ఫాస్ఫేట్ ఉన్న ద్రావణానికి ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి క్షయకరణం (రిడక్షన్) చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలం ఎంత చిక్కగా ఉంటే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫాస్ఫరస్ కొలిచిన ప్రతివారికీ అది అవసరమే కాబట్టి దశాబ్దాలపాటు దాన్ని ఉదహరిస్తూనే వచ్చారు. క్యాన్సర్ లక్షణాలను వివరిస్తూ హానహన్, వైన్‌బర్గ్ 2000లోను, 2011లోను ‘సెల్’ పత్రికలో రాసినవి సమీక్షలు, అంటే అప్పటిదాకా జరిగిన పరిశోధనను ఒకచోట చేర్చి వివరించేవి. ప్రతి కొత్త పత్రం ఉపోద్ఘాతంలోనూ వాటి ప్రస్తావన సహజం. పద్ధతి, సమీక్ష, కొత్త ఆవిష్కరణ అనే మూడింటికీ వచ్చే సైటేషన్లను ఒకే తక్కెడలో తూచకూడదు.

రచయితల వరుసనూ గమనించాలి. జీవశాస్త్రంలో సాధారణంగా మొదటి పేరు ప్రయోగాలు చేసిన విద్యార్థిది, చివరి పేరు ల్యాబ్ అధిపతిది. గైడ్ పేరు చివర ఉన్న పత్రాల్లో మొదటి పేర్లు మారుతూ ఉంటే, అక్కడ విద్యార్థులకు తమ సొంత పని దక్కుతోందని అర్థం. నా దృష్టిలో మొత్తం సైటేషన్ల కంటే ఇదే విలువైన సమాచారం.

ఎక్కువమంది ఉదహరించినంత మాత్రాన ఫలితం నిలబడుతుందన్న హామీ లేదు. పేరున్న క్యాన్సర్ పత్రాల ప్రయోగాలను తిరిగి చేసి చూసిన ఒక పెద్ద ప్రాజెక్టు 2021లో ఫలితాలు వెల్లడించింది: 53 పత్రాల్లోని 193 ప్రయోగాలు చేయాలనుకున్నవారు 23 పత్రాల్లోని 50 మాత్రమే పూర్తిచేయగలిగారు, వాటిలోనూ ప్రభావం మొదట చెప్పినదానికంటే చాలా తక్కువగా కనిపించింది. కాబట్టి పత్రం ఉపసంహరణకు గురైందేమో వైద్య పరిశోధన పత్రాల సూచిక అయిన పబ్‌మెడ్‌లో చూసి, ఇతర ల్యాబ్‌లు అదే ఫలితం పొందాయో లేదో వెతకాలి.

అంకెల్లోకి ఎక్కని కృషి కూడా ఉంటుంది. సుబ్బారావు నేతృత్వంలో అమెరికా మందుల కంపెనీ లెడర్లీ ల్యాబ్‌లో తయారైన అమినోప్టెరిన్ అనే మందుతో లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు తాత్కాలిక ఉపశమనం దొరికిందని 1948లో వైద్యుడు సిడ్నీ ఫార్బర్ బృందం ప్రకటించిన పత్రంలో ఐదుగురు రచయితలున్నారు; వారిలో సుబ్బారావు లేరు. అందుకే పత్రం చివరి కృతజ్ఞతలు, పేటెంట్లు, ఆ ల్యాబ్ నుంచి వెళ్లినవారు ఇప్పుడు ఏం చేస్తున్నారన్నదీ చూడాలి. చివరిగా, ఆ ప్రొఫెసర్ ఆవిష్కరణ పత్రాల్లో మూడింటిని తీసుకుని, ఒక్కోదాన్ని ఉదహరించిన పది పత్రాల్లో దాన్ని ప్రస్తావించిన వాక్యాన్ని మాత్రం చదవండి. ఒక సాయంత్రం చాలు. అక్కడ పుట్టిన ప్రశ్నలతోనే ఇంటర్వ్యూకు వెళ్లండి.