నడుము పూసల గట్టితనం, 3వ పాఠం: మొన మారితే జవాబు మారుతుంది

పోయిన పాఠంలో ఎల్1 నుంచి ఎల్5 దాకా ఐదు పూసలనూ పక్క నుంచీ, పై నుంచీ గీశాం కదా, ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఇవాళ దాని మీద పెన్సిల్‌తో నీడ వేస్తాం. గట్టిగా ఉన్నచోట ముదురుగా, మెత్తగా ఉన్నచోట లేతగా.

నీడ వేసే ముందు ఒకటి తేల్చుకోవాలి. గట్టి అని దేన్ని అంటున్నాం? మొదట్లో నేనూ ఇక్కడే తికమకపడ్డాను. ఎముకను దేనితో గుచ్చి చూస్తున్నాం అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుంది.

ముందు సన్న మొన. వికర్స్ పరీక్షలో వాడేది నాలుగు ముఖాల వజ్రపు పిరమిడ్. ఎదురెదురు ముఖాల మధ్య కోణం 136 డిగ్రీలు. దాన్ని నొక్కి, పడిన గుంట కర్ణాన్ని మైక్రోస్కోప్‌లో కొలుస్తారు. లెక్క తేలికే: బరువును కిలోల్లో తీసుకుని 1.854తో గుణించాలి, కర్ణాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాని వర్గంతో భాగించాలి. 50 గ్రాముల బరువుకు 0.05 మి.మీ. కర్ణం వస్తే, 1.854 × 0.05 ÷ 0.0025, అంటే సుమారు 37. కర్ణం 0.06 మి.మీ. అయితే ఎంత? మీరే చేయండి, 26కు దగ్గర రావాలి. కర్ణం రవ్వంత పెరిగితేనే సంఖ్య ఎంత పడిపోయిందో చూశారా? అందుకే ఒక్క గుంటను నమ్మరు, పక్కపక్కన చాలా గుంటలు వేసి సగటు తీస్తారు.

ఈ గుంట వెంట్రుక మందమంత కూడా ఉండదు. లోపలి స్పాంజి ఎముక సన్న ఎముక పుల్లల అల్లిక, అందులో గుంట ఒక్క పుల్ల మీదే పడుతుంది. ఆ పుల్ల పదార్థం ఎంత గట్టిదో చెబుతుంది, పుల్లల మధ్య ఎంత ఖాళీ ఉందో చెప్పదు. పూస కుంగేది మాత్రం ఎక్కువగా ఆ ఖాళీల వల్లే.

ఇప్పుడు మొద్దు మొన తీసుకుందాం, 3 మి.మీ. వెడల్పున్న గుండ్రటిది. డిస్కు ఆనుకునే పలుచని పలక, అదే ఎండ్‌ప్లేట్, మీద చోటు మారుస్తూ నొక్కితే అసలు పటం బయటపడుతుంది. నడిమధ్య బలహీనం. అంచులకు వెళ్లేకొద్దీ బలం పెరుగుతుంది. వెనక మూలలు, సరిగ్గా పెడికిళ్లకు (పూస దిమ్మెను వెనక కమానుతో కలిపే పొట్టి స్తంభాలకు) ముందున్న చోటు, అన్నిటికన్నా బలం. బొమ్మలో అక్కడ పెన్సిల్ గట్టిగా నొక్కండి, మధ్యలో తెల్లగా వదిలేయండి. ఒకే పూసలో కింది పలక పై పలక కన్నా బలమైనది. అంటే రెండు నడుము పూసల మధ్య ఏ డిస్కు దగ్గర చూసినా, మామూలుగా కింద ఉన్న పూస పైకప్పే, అంటే దాని పై పలకే, ముందు లొంగుతుంది. డిస్కు తీసి ఆ ఖాళీలో కేజ్, అంటే చిన్న డబ్బా లాంటి ఆధారం, పెట్టే సర్జన్లకు ఇది బాగా తెలిసిన టెన్షన్. చిన్న కేజ్‌ను నడిమధ్యలో కూర్చోబెడితే అది కిందికి దిగబడే ప్రమాదం ఎక్కువ.

పూస లోపల నిలువు పుల్లలు, వాటిని కట్టిపట్టే అడ్డ పుల్లలు ఉంటాయి. వయసుతో ముందు పోయేవి అడ్డవి. ఒక అడ్డ పుల్ల పోతే నిలువు పుల్లకు ఆధారం లేని పొడవు రెట్టింపవుతుంది. పొడవు రెట్టింపైతే వంగకుండా మోయగల బరువు నాలుగో వంతుకు పడుతుంది. అందుకే ఎముక కొద్దిగా తగ్గినా బలం అంతకన్నా చాలా ఎక్కువ తగ్గుతుంది. ఎక్స్‌రేలో అలాంటి పూస నిలువు గీతలతో కనిపిస్తుంది.

పెడికిల్ సంగతి వేరు, అది దళసరి గోడలున్న గొట్టం. ఆపరేషన్‌లో దాని గుండా పూసలోకి బిగించే స్క్రూ పట్టులో సగానికి పైగా అక్కడిదే. లోపలి గోడ, అంటే నరాలు సాగే వెన్ను కాలువ వైపుది, బయటి గోడ కన్నా మందం. నీడ కూడా అలాగే వేయండి.

బతికున్న మనిషిని గుచ్చలేం కాబట్టి సీటీ స్కాన్ చూస్తాం. సీటీలో ఎంత దట్టంగా ఉందో చెప్పే హౌన్స్‌ఫీల్డ్ కొలతలో నీరు 0, గాలి −1000. ఎల్1ను మధ్యలో అడ్డంగా కోసినట్టు చూపే సీటీ బొమ్మలో స్పాంజి భాగం మీద ఒక అండాకారం గీయండి. గోడలు, వెనకనున్న సిర కాలువ అందులోకి రాకూడదు. సగటు 160 దాటితే ఎముక గుల్లబారి ఉండే అవకాశం తక్కువ. 110 లోపుంటే గట్టిగా అనుమానించాలి. కాంట్రాస్ట్ మందు ఎక్కించి తీసిన స్కాన్‌లో సంఖ్య పెరిగి కనిపిస్తుందని మరవకండి.

సాంద్రత పరీక్ష, డెక్సా, ఎల్1 నుంచి ఎల్4 దాకా చూస్తుంది. అరిగిన నడుములో అంచుల మీద పెరిగిన ఎముక ముళ్లు కూడా ఆ లెక్కలో కలిసిపోతాయి. లోపల గుల్లే అయినా రిపోర్టు బాగుందంటుంది. కాబట్టి ముళ్లున్న పూసను చూసి ధైర్యం తెచ్చుకోవద్దు.

ఈసారి పని: ఎల్3 పై పలక, కింది పలక పక్కపక్కన గీసి, నీడ తేడా చూపించండి. వచ్చే పాఠంలో ఎల్5 కింద త్రికాస్థి దగ్గరికి వెళ్తాం, దాని పైకప్పు నడుము పూసల పైకప్పుల కన్నా ఎందుకు బలమో అక్కడ చూద్దాం.